తొలి పది అడుగులు

మీలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఉంటారు. ఆడకపోయినా చూసి ఆనందించేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. బంతి ఖాళీ జాగాలో పడుతుంది. ఇద్దరు ఆటగాళ్ళు ఒకేసారి దానికోసం బయలుదేరుతారు. పది అడుగులు వేసేసరికి ఒకడు ముందుంటాడు, రెండోవాడు వెనకబడతాడు. గోలు అయ్యేదీ కానిదీ తరచు అక్కడే తేలిపోతుంది. ఈ నెల మీకు ఆ పది అడుగుల సంగతి చెబుతాను. అయితే, అంతకుముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో మా బడి జట్టులో కుడి అంచున ఆడే కుర్రవాడొకడు ఉండేవాడు. తొమ్మిదో తరగతి. బక్కపలచని మనిషి. కాని బంతి తన ముందు పడిందంటే ఇక అతన్ని ఎవరూ అందుకోలేరు. పిల్లలందరూ అతన్ని “లేడి” అని పిలిచేవారు. ఆ యేడు మేము జిల్లా పోటీలకు వెళ్ళవలసి ఉన్నది. కప్పు తేవాలని నాకు మహా పట్టుదల. “పిల్లలకు దమ్ము చాలటం లేదు” అని నాకు నేనే నిర్ణయించుకుని, నెలరోజులపాటు ప్రతి సాయంత్రం వాళ్ళను మైదానం చుట్టూ ఇరవై చుట్లు పరిగెత్తించాను.

పోటీ దగ్గర పడింది. “ఈ రెండు రోజులూ పిల్లల్ని వదిలేద్దామండీ. బండలాగుడు పందేనికి పోయే ఎడ్లను ముందురోజు ఎవరైనా అరక దున్నిస్తారా?” అని మా డ్రిల్లు మాస్టారు అన్నారు. నేను వినలేదు. అది బద్ధకానికి సాకు అనుకున్నాను. పోటీకి ముందురోజు సాయంత్రం కూడా ఇరవై చుట్లూ తిప్పించాను.

మర్నాడు ఆట మొదలై పావుగంట కాలేదు. బంతి లేడి ముందు పడింది. అతను రివ్వున బయలుదేరాడు. కొంతదూరం పోయాడో లేదో, కుడి తొడ వెనక చెయ్యి వేసుకుని కూలబడిపోయాడు. తొడ వెనక కండ చిరిగింది. నెలన్నరదాకా అతను పరిగెత్తలేకపోయాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. కాని ఆనాటినుంచీ నన్నొక ప్రశ్న పట్టుకున్నది: ఎక్కువగా పరిగెత్తిస్తే పరుగు పెరగాలి గదా, ఎందుకు పెరగలేదు? రిటైరయిన తరవాత తీరిక దొరికి, చదివి తెలుసుకున్న జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

పెద్ద పోటీలలో ఆడే ఫుట్‌బాల్ ఆటగాడు 90 నిమిషాల ఆటలో సుమారు 10 నుంచి 12 కిలోమీటర్ల దూరం తిరుగుతాడు. “అబ్బో, అంతసేపు పరిగెత్తుతాడా!” అనుకుంటారేమో. నిజానికి ఆ దూరంలో చాలా భాగం నడకా, మెల్లని పరుగూను. ప్రాణం పెట్టి పరిగెత్తేది చాలా కొద్ది దూరం. అటువంటి పరుగును మనం మెరుపు పరుగు అందాం. ఒక్కొక్క మెరుపు పరుగు సాధారణంగా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. పది, ఇరవై మీటర్లు పోయేసరికి బంతి అందనన్నా అందుతుంది, చేజారనన్నా జారుతుంది.

దూరం కొద్దిదే గాని, దాని విలువ గొప్పది. జర్మనీ దేశపు మొదటి శ్రేణి పోటీలలో 2007-08 సీజను రెండో సగంలో పడిన 360 గోళ్ళ చిత్రాలను కొందరు పరిశోధకులు ఒక్కొక్కటే వేసి చూశారు. ఆ ఫలితాలు 2012లో అచ్చయినాయి. గోలు చేసినవాడు దానికి ముందు ఏం చేశాడని లెక్క కడితే, ఎగరటం, గిరుక్కున తిరగటం వంటి వాటన్నిటికంటే తిన్నని మెరుపు పరుగే ఎక్కువసార్లు కనిపించింది. నూటికి 45 గోళ్ళలో గోలు చేసినవాడు అటువంటి పరుగు తీశాడు!

ఇక్కడ మనం రెండు మాటలను వేరుచేసి తెలుసుకోవాలి. ఒకటి వేగం, రెండోది త్వరణం. ఎంత జోరుగా పోతున్నామన్నది వేగం. ఆ జోరును ఎంత త్వరగా అందుకున్నామన్నది త్వరణం. బస్సూ, సైకిలూ పక్కపక్కన నిలబడి ఒకేసారి బయలుదేరితే, మొదటి నాలుగు గజాలు సైకిలు ముందుండవచ్చు. కాసేపటికి బస్సు దాన్ని దాటిపోతుంది. బస్సుకు వేగం ఎక్కువ. కాని బయలుదేరినప్పుడు సైకిలుది చురుకు ఎక్కువ.

మనిషి పరుగులో ఇది ఎట్లా ఉంటుందో చూడండి. జమైకా దేశస్థుడైన ఉసేన్ బోల్ట్ 2009 ఆగస్టు 16న బెర్లిన్ నగరంలో 100 మీటర్ల పందెం 9.58 సెకన్లలో ముగించాడు. ఆ పరుగును ఇరవేసి మీటర్ల చొప్పున అయిదు ముక్కలు చేసి కొలిచారు. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. తుపాకి మోగిన తరవాత కదలటానికి పట్టిన కాలం కూడా అందులోనే ఉన్నది. రెండో ముక్కకు 1.75, మూడోదానికి 1.67, నాలుగోదానికి 1.61, చివరిదానికి 1.66 సెకన్లు పట్టినాయి. అన్నీ కూడి చూడండి, సరిగా 9.58 వస్తుంది.

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? బోల్ట్ మహా జోరుగా పోయినది 60, 80 మీటర్ల గుర్తుల నడుమ. అక్కడ అతని వేగం గంటకు సుమారు 44.7 కిలోమీటర్లు. అంతటివాడికి కూడా పూర్తి వేగం అందుకోవటానికి అంత దూరం కావలసివచ్చింది. ఫుట్‌బాల్ మైదానం పొడవు సుమారు 105 మీటర్లే. ఆటలో 60 మీటర్లు తిన్నగా పరిగెత్తే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ఎప్పుడో ఒకసారి. కనక ఫుట్‌బాల్ ఆటగాడికి ముందు కావలసినది తొలి పది అడుగుల చురుకు, అంటే త్వరణం. ఆ తరవాతనే పెద్ద వేగం.

బోల్ట్‌కు ఫుట్‌బాల్ అంటే చెప్పలేని మోజు. పందేలనుంచి విరమించిన తరవాత 2018లో ఆస్ట్రేలియాలోని సెంట్రల్ కోస్ట్ మారినర్స్ జట్టుతో సాధన చేశాడు. ఒక స్నేహపూర్వక ఆటలో రెండు గోళ్ళు కూడా చేశాడు. కాని ఒప్పందం కుదరక, ఆ యేడు నవంబరులో జట్టును వదిలి వెళ్ళాడు. అప్పటికి అతనికి 32 యేళ్ళు. పందెపు బాటలో ఎవరి దారి వారిది, అడ్డు వచ్చేవారుండరు. ఫుట్‌బాల్‌లో అట్లా కాదు. ఆగాలి, తిరగాలి, మళ్ళీ బయలుదేరాలి. బంతి ఎక్కడ పడుతుందో ముందే ఊహించాలి.

సరే, ఆ తొలి అడుగుల్లో ఏం జరుగుతుంది? దీన్ని మీరే మీ బడి మైదానంలో చూడవచ్చు. ఇసుకగాని, మెత్తని దుమ్ముగాని ఉన్నచోట పదిహేను మీటర్ల పొడవున నేలను చీపురుతో చదును చేయండి. ఒకచోట గీత గీసి, దాని వెనక నిలబడి, చేతనైనంత జోరుగా పరిగెత్తండి. ఇప్పుడు టేపు పట్టుకుని ఒక్కొక్క అడుగుకూ, దాని తరవాతి అడుగుకూ మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాసుకోండి. మొదటి అడుగులు పొట్టిగా ఉంటాయి. పోనుపోను బారు పెరుగుతుంది. మరొకటి కూడా గమనించండి. మొదటి గుర్తులు ముందువైపు లోతుగా దిగి, వాటి వెనక చిన్న మట్టికుప్ప లేచి ఉంటుంది. అంటే, మీ కాలు నేలను వెనక్కు తోసిందన్నమాట. మీరు నేలను వెనక్కు తోస్తే నేల మిమ్మల్ని ముందుకు తోస్తుంది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పిన సూత్రం మీ పాదం కిందనే కనిపిస్తుంది! బాగా పరిగెత్తేవాడు మొదట ముందుకు వంగి ఎందుకు బయలుదేరుతాడో ఇప్పుడు తెలిసింది గదా. వంగినప్పుడే కాలు నేలను బాగా వెనక్కు తొయ్యగలదు.

ఈ చురుకులో ఆటగాడికీ ఆటగాడికీ తేడా ఎంత? నార్వే దేశంలో 1995 నుంచి 2010 దాకా 939 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళను ఒలింపిక్ శిక్షణ కేంద్రంలో పరిగెత్తించి కొలిచారు. మొదటి 20 మీటర్లలో అందరికంటే చురుకైనవాళ్ళు ముందువరస ఆటగాళ్ళని తేలింది. వాళ్ళకంటే వెనకవరస రక్షకులు నూటికి 1.4 వంతు, నడిమి ఆటగాళ్ళు నూటికి 2.5 వంతు వెనకబడి ఉన్నారు. “ఇంతేనా!” అని తీసెయ్యకండి. 20 మీటర్లలో నూటికి రెండున్నర అంటే అర మీటరు. నూటికి 1.4 అంటే 28 సెంటీమీటర్లు, దాదాపు అడుగుబద్దంత. బంతిని ముందుగా బూటు కొనతో తాకటానికి అది చాలు.

ఇంకొక చిత్రం. ఆటలో సాధారణంగా అందరికంటే ఎక్కువ దూరం తిరిగేవాళ్ళు నడిమి ఆటగాళ్ళే. మరి తొలి అడుగుల్లో చురుకైనవాళ్ళు వాళ్ళు కారు! అంటే దమ్ము వేరు, చురుకు వేరు. నేను పెంచాలనుకున్నది దమ్ము; మా లేడికి దేవుడిచ్చినది చురుకు. రెండూ ఒకటే అనుకోవటం నా మొదటి పొరపాటు.

ఇటువంటి చిన్న తేడాలను చేతి గడియారంతో పట్టలేము. ఎందుచేతనంటే, కన్ను చూసి వేలు నొక్కేలోపల సెకనులో అయిదో వంతు జరిగిపోతుంది. మనం వెతికే తేడా సెకనులో ఇరవయ్యో వంతు! అందుకే శాస్త్రజ్ఞులు బాటకు రెండువైపులా దీపపు కిరణాలు అమరుస్తారు. ఆటగాడు కిరణాన్ని దాటగానే గడియారం తనంతట తానే కాలం రాసుకుంటుంది. ఇప్పుడు ఆటగాళ్ళు చొక్కా లోపల, రెండు భుజాల నడుమ, అగ్గిపెట్టెను పోలిన చిన్న యంత్రం కూడా కట్టుకుంటున్నారు. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో అది ఆటగాడు ఎక్కడున్నాడో సెకనుకు పదిసార్లు గుర్తిస్తుంది. అటువంటి యంత్రాలను ఆటల్లోనే ధరించటానికి 2015లో అనుమతి వచ్చింది.

ఇన్ని పరికరాలు ఎందుకంటే, చురుకు ఒకసారి వస్తే ఎప్పటికీ నిలిచి ఉండేది కాదు. అది సీజను పొడుగునా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఇంగ్లండులో సీజను ఆగస్టులో మొదలై మే నెలదాకా సాగుతుంది. మొదటి శ్రేణిలోని ప్రతి జట్టూ లీగులోనే 38 ఆటలు ఆడాలి. కప్పు పోటీలు వేరే. నార్వేలో చలికాలం మంచు పడుతుంది గనక వసంతంలో మొదలుపెట్టి శీతాకాలం రాకముందే ముగిస్తారు. ఎక్కడైనా సీజను నెలల తరబడి సాగేదే.

సీజను ముగియగానే ఆటగాళ్ళకు సెలవులు. మెరుపు పరుగు తియ్యకుండా వారాల తరబడి కూర్చుంటే చురుకు కొంత మొద్దుబారుతుంది, వాడని కత్తికి తుప్పు పట్టినట్టు. తరవాత మళ్ళీ శిక్షణ మొదలవుతుంది. మొదటి వారాల్లో దమ్ముకోసం బారుపరుగులు ఎక్కువగా చేయిస్తే కాళ్ళు అలసి బరువెక్కుతాయి. బరువు తగ్గించి, పొట్టి పరుగులు పెట్టిస్తే చురుకు తిరిగివస్తుంది. ఇక ఆటమీద ఆట వచ్చిపడుతూ ఉంటే మళ్ళీ అలసట పేరుకుంటుంది. ఈ మార్పు కంటికి కనపడేటంత పెద్దది కాదు. నూటికి ఒకటి రెండు వంతులు. అందరిలోనూ ఒకేలాగు కూడా ఉండదు. అయినా అరమీటరు విలువ ఎంతో మనం చూశాం గదా!

ఇందుకు కారణం మన కండల్లోనే ఉన్నది. కండ అంటే సన్నని పోగుల మోపు. ఆ పోగుల్లో రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. ఒక రకం నిదానంగా పనిచేస్తాయి, తొందరగా అలసిపోవు. రెండో రకం చటుక్కున బిగుసుకుంటాయి, గొప్ప బలం చూపుతాయి, కాని ఇట్టే అలసిపోతాయి. మెరుపు పరుగుకు ఈ రెండో రకమే ఆధారం. మైదానం చుట్టూ మెల్లగా ఇరవై చుట్లు తిరిగితే మొదటి రకం పోగులకు పని దొరుకుతుంది గాని, రెండో రకానికి తగిన అభ్యాసం దొరకదు.

మెరుపు పరుగుకు కావలసిన ఇంధనం కూడా వేరు. కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం కొద్దిగా నిలవ ఉంటుంది. అది క్షణంలో శక్తినిస్తుంది, కొన్ని సెకన్లలోనే చాలావరకు ఖర్చవుతుంది. మళ్ళీ నిండటానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కనక వెంటవెంటనే తీసిన పదో పరుగు మొదటి పరుగంత చురుకుగా ఉండదు. ఇది ఆనాటి అలసట. దీనికంటే లోతైనది మరొకటి ఉన్నది. గట్టి ఆట ఆడిన తరవాత కండపోగులు అక్కడక్కడ దెబ్బతింటాయి. అవి మరమ్మతు కావటానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆ మరమ్మతు విశ్రాంతిలో, తిండిలో, నిద్రలో జరుగుతుంది.

ఈ విషయంలో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1980లో ప్రకటించిన ప్రయోగం ఒకటి ఉన్నది. కొందరిచేత బలం పెంచే వ్యాయామం మాత్రమే పది వారాలు చేయించాడు. మరికొందరిచేత అదే వ్యాయామంతోపాటు దమ్ము పెంచే గట్టి సాధన కూడా చేయించాడు. మొదటివాళ్ళ బలం పెరుగుతూనే పోయింది. రెండోవాళ్ళ బలం కొన్ని వారాలు పెరిగి, ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది! ఆ మాట చదివినప్పుడు నాకు మా మైదానమూ, ఇరవై చుట్లూ కళ్ళముందు మెదిలాయి.

ఇక గాయం సంగతి. జోరుగా పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు విసురుగా వస్తుంది. ఆ విసురును ఆపి, పాదాన్ని నేలకు దించే పని తొడ వెనక కండది. అది సాగుతూనే బిగబట్టి లాగాలి. ఎడ్లబండి పల్లంలో దిగేటప్పుడు పలుపు బిగబట్టే బండివాడి పని వంటిదే ఇది. అలసిన చెయ్యి పట్టు తప్పినట్టే, అలసిన కండ చిరుగుతుంది. ఐరోపాలోని పెద్ద క్లబ్బుల గాయాలను 2001 నుంచి లెక్కగడుతున్నారు. 2001-02 సీజనులో మొత్తం గాయాలలో ఈ తొడవెనక కండవి నూటికి 12. 2021-22 నాటికి నూటికి 24. ఆట జోరు పెరగటమూ, ఆటలు ఒకదానిమీద ఒకటి పడటమూ ఇందుకు కొంత కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

ఐరోపాలోనే కొన్ని దేశాల పోటీలకు చలికాలంలో కొన్నాళ్ళు విరామం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. 2010 నుంచి 2017 దాకా ఏడు సీజన్ల లెక్కలు పోల్చి చూస్తే, విరామం లేని జట్లు గాయాలవల్ల సీజనుకు సగటున 300 ఆటగాడి-రోజులకు పైగా ఎక్కువ నష్టపోయినట్టు తేలింది. అంటే, ఒక ఆటగాడు ఒక రోజు ఆడలేకపోతే ఒక రోజుగా లెక్క. ఇదంతా ఒక్క విరామంవల్లనే అని చెప్పటానికి వీల్లేదు. అయినా విశ్రాంతి వృథా కాదని ఇది గట్టిగా సూచిస్తున్నది.

అయితే విశ్రాంతి మంచిదని మంచం దిగకుండా ఉండరాదు సుమా! ఎన్నడూ పూర్తి జోరుతో పరిగెత్తని కండ, ఆటలో హఠాత్తుగా పరిగెత్తవలసివస్తే అదీ గాయపడుతుంది. అందుచేత మంచి శిక్షకులు మధ్యేమార్గం పాటిస్తారు. ఆట అయిన మర్నాడు విశ్రాంతో, తేలికపాటి కదలికో ఉంటుంది. వారం నడుమ గట్టి సాధన ఉంటుంది. అందులో పూర్తి జోరుతో తీసే పొట్టి పరుగులు కొన్ని మాత్రమే, ఒక్కొక్కదాని నడుమ చాలినంత నిలకడ. ఆటకు ముందురోజు పని బాగా తగ్గిస్తారు. సీజను పొడుగునా ఇట్లా బిగిస్తూ వదులుతూ పోవటంలోనే వాళ్ళ నేర్పంతా ఉన్నది.

మీరు కూడా చురుకు పెంచుకోవాలనుకుంటే ఇట్లా చేయండి. ముందు పది నిమిషాలు మెల్లగా పరిగెత్తి ఒళ్ళు వేడెక్కించండి. తరవాత పదిహేను, ఇరవై మీటర్ల పరుగులు అయిదారు తియ్యండి. ఒక్కొక్క పరుగు తరవాత రెండు మూడు నిమిషాలు నిలవండి. వారానికి రెండుసార్లు చాలు. కాలు పట్టేసినట్టుంటే ఆనాటికి మానెయ్యండి. దాచిపెట్టి ఆడటం వీరత్వం కాదు. నిద్ర మాత్రం మానకండి. నెలకొకసారి దుమ్ములో మీ అడుగులు కొలిచి రాసుకోండి. యేడాది చివర ఆ పుస్తకం తెరిస్తే, మీ పరుగు కథ మీకే కనిపిస్తుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడు ఆటనుంచి వచ్చి ఒకరోజు ఊరకే కూర్చుంటే సోమరి అయిపోయాడని గదమాయించకండి. వాడి కండ లోపల ఆ సమయంలో పని జరుగుతూనే ఉంటుంది.

మా లేడి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి యేడు జట్టు బాధ్యత పూర్తిగా డ్రిల్లు మాస్టారికే వదిలిపెట్టాను. పోటీకి ముందురోజు సాయంత్రం పిల్లలు మైదానంలో అరగంట బంతి తన్నుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఇళ్ళకు పోయారు. నేను కిటికీలోంచి చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకు ఇరవై చుట్లు పరిగెత్తటం కన్న కష్టమయింది. ఆ యేడు కూడా మాకు కప్పు రాలేదు. సెమీఫైనల్లో ఒక్క గోలుతో ఓడిపోయాం. కాని ఆట చివరి నిమిషాల్లో కుడి అంచున బంతి పడినప్పుడు, లేడి తొలి పది అడుగుల్లోనే ఇద్దరిని వెనక వదిలేశాడు. ఆట ముగిసిన తరవాత పదకొండుమందీ తమ కాళ్ళమీద తాము నడిచి నా దగ్గరకు వచ్చారు. డ్రిల్లు మాస్టారి చెయ్యి పట్టుకుని, “మీరు చెప్పిన ఎడ్ల మాట నిజమండీ” అన్నాను.